మారేడుమిల్లి ఘాట్‌లో వాకీటాకీ: ఐదు వాట్లు కావాలా, అర వాట్ చాలా?

ముందు మీరు అడిగింది క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. హైదరాబాద్ నుంచి ఆరు బండ్లు: థార్‌లు, జిమ్నీలు, ఒక పాత బొలెరో. భద్రాచలం, చింతూరు మీదుగా మారేడుమిల్లి, అక్కడి నుంచి గుడిస కొండ, రెండు రాత్రులు టెంట్లలో. ఘాట్‌లో ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి వాకీటాకీలు కొనాలనుకుంటున్నారు. గ్రూపులో ఒకరు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ఐదు వాట్ల సెట్లు కొందామంటున్నారు. ఇంకొకరి బావగారు అమెరికా నుంచి ఒక జత తెస్తానంటున్నారు. ఏవి మంచివి, ఎంత దూరం అందుతాయి, ఎలా వాడాలి అన్నది మీ ప్రశ్న.

రెండూ వద్దు. లైసెన్సు అక్కర్లేని 446 మెగాహెర్ట్జ్ సెట్లు కొనండి. వాటి శక్తి అర వాటే, అది దేనికి సరిపోతుందని చిన్నచూపు చూడకండి. కాన్వాయ్‌లో మొదటి బండికీ చివరి బండికీ మధ్య అర వాట్ కూడా అందనంత దూరం వచ్చిందంటే తప్పు రేడియోది కాదు, బండ్లు నడిపే పద్ధతిది. ఐదు వాట్లు చేతిలో ఉంటే ఆ పద్ధతి ఇంకా పాడవుతుంది. ‘రేడియో ఉంది కదా, ఎక్కడున్నా అడగొచ్చు’ అని ఎవరి స్పీడులో వాళ్లు పోతారు, ఘాట్ మధ్యలో ఎవరికి ఎవరూ వినపడరు.

చట్టం సంగతి త్వరగా ముగిస్తాను. 2018లో వచ్చిన నిబంధనల ప్రకారం మన దేశంలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి వాకీటాకీలకు లైసెన్సు అక్కర్లేదు. యూరప్‌లో పీఎంఆర్ 446 అనేది కూడా ఈ బ్యాండే. మీకు లైసెన్సు అక్కర్లేకపోయినా ఆ మోడల్‌కు మాత్రం టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ అనే ఆమోదం ఉండాలి. కొనేటప్పుడు ఆ సర్టిఫికెట్ కాపీ అడగండి. ఇవ్వలేనివాడి దగ్గర కొనకండి.

ఆన్‌లైన్‌లో దొరికే ఆ ఐదు వాట్ల సెట్లు, అంటే బావోఫెంగ్ యూవీ-5ఆర్ లాంటివి, సుమారు 136 నుంచి 174, 400 నుంచి 520 మెగాహెర్ట్జ్ దాకా ఎక్కడ పెడితే అక్కడ పలుకుతాయి. పోలీసు, రైల్వే లాంటి శాఖలు వాడే భాగాలు కూడా అందులోనే ఉన్నాయి. వస్తువుగా చెడ్డది కాదు, ఆ ధరకు నిజానికి గొప్ప సెట్. కానీ లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకోవడమే నేరం. 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఇలాంటి సెట్లు అమ్ముతున్న ఈ-కామర్స్ సైట్లకు నోటీసులు ఇచ్చింది, ఆ తర్వాత ప్రత్యేకంగా మార్గదర్శకాలు కూడా తెచ్చింది. ‘సైట్‌లో అమ్ముతున్నారుగా, తప్పేముంది’ అనే మాట చెక్‌పోస్టు దగ్గర చెల్లదు. ‘దాన్నే 446కి సెట్ చేసుకుంటాం’ అని కొందరు తెలివిగా అంటారు. శక్తి పరిమితి దాటుతుంది, పైగా ఆ సెట్‌కు ఆ బ్యాండ్‌లో ఆమోదం ఉండదు, కాబట్టి అదీ కుదరదు.

అమెరికా సెట్ల కథ వేరు. అక్కడ ఎఫ్‌ఆర్‌ఎస్ పేరుతో లైసెన్సు లేకుండా వాడేవి 462, 467 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. కొంచెం పెద్ద శక్తి కావాలంటే జీఎంఆర్‌ఎస్ లైసెన్సు తీసుకుంటారు. పరీక్ష ఏమీ ఉండదు, 35 డాలర్లు కడితే పదేళ్లపాటు కుటుంబమంతా వాడుకోవచ్చు. యూటా, కొలరాడో వైపు జీపులేసుకుని వెళ్లే మనవాళ్లకు అది చక్కటి ఏర్పాటు. ఇక్కడ మాత్రం ఆ ఫ్రీక్వెన్సీలకు మినహాయింపు లేదు. పైగా మీ 446 సెట్లతో అవి మాట్లాడుకోలేవు కూడా. బావగారిని చాక్లెట్లే తెమ్మనండి.

నిజంగా ఈ విద్య మీద ఆసక్తి ఉంటే హ్యామ్ లైసెన్సు, అంటే సరదాకు రేడియో నడిపేవాళ్లకు ఇచ్చే లైసెన్సు తీసుకోండి. పన్నెండేళ్లు నిండినవాళ్లు ఎవరైనా పరీక్ష రాయొచ్చు. అందులో మొదటి మెట్టైన రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ (చుక్కలు, గీతల సంకేత భాష) అక్కర్లేదు. శిక్షణకు మన హైదరాబాద్‌లోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో ఉన్నది ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ గారి బృందమే. ఫోన్లు పడిపోయాక ద్వీపాల నుంచి కబుర్లు వాళ్ల రేడియోల మీదే బయటికి వచ్చాయి. అయితే హ్యామ్ బ్యాండ్‌లో మాట్లాడే ప్రతి మనిషికీ లైసెన్సు ఉండాలి. ఆరు బండ్లలో ఆరుగురు పరీక్ష పాసయ్యేదాకా ట్రిప్పు ఆగదు కదా. అందుకే మీకు 446.

ఇప్పుడు దూరం సంగతి. డబ్బా మీద పది కిలోమీటర్లని రాసి ఉంటుంది. అది పూర్తి అబద్ధం కాదు, ఎక్కడ అన్నది మాత్రం రాయరు. ఈ ఫ్రీక్వెన్సీలో తరంగం దాదాపు చూపు లాగే పోతుంది, కొండ అడ్డొస్తే ఆగిపోతుంది. చదునైన నేల మీద చెవి దగ్గర సెట్ పట్టుకుని నిలబడ్డ ఇద్దరి మధ్య భూమి వంపే అడ్డు రావడానికి సుమారు పది కిలోమీటర్లు పడుతుంది. ఆ లెక్కే డబ్బా మీదికి ఎక్కుతుంది. చెట్టు, పుట్ట, ఇల్లు, బండి ఏవీ లేని లోకం అది. హైవే మీద బండి నుంచి బండికి కిలోమీటరు, ఒకటిన్నర వస్తే సంతోషించండి. మారేడుమిల్లి, చింతూరు మధ్య ఘాట్‌లో అయితే రెండు హెయిర్‌పిన్ మలుపులు తిరిగేసరికి అర కిలోమీటరుకే గరగర మొదలవుతుంది. తేమ పట్టిన దట్టమైన అడవి కూడా సిగ్నల్‌ను బాగానే మింగుతుంది.

అదే గుడిస పైకెక్కి చూడండి. పుల్లంగి వైపు నుంచి ఎక్కేటప్పుడు వెనక బండి వినపడదు. పైన గడ్డి మైదానంలో అడ్డమేమీ ఉండదు, ఎదురుగా కనిపించే ఏ గుట్ట మీద ఉన్నవాడితోనైనా అదే అర వాట్‌తో హాయిగా మాట్లాడొచ్చు. వాట్లు మారలేదు, నిలబడ్డ చోటు మారింది. ఐదు వాట్లంటే శక్తి పది రెట్లు. అడ్డం లేని చోట దానివల్ల దూరం మూడింతలు పెరుగుతుంది, కొండ చాటున మాత్రం ఇంకో మలుపు దాకా లాక్కొస్తుందేమో, అంతే. ఎవరైనా వినపడకపోతే చేయాల్సింది అరవడం కాదు, నాలుగడుగులు పక్కకు జరగడం, వీలైతే ఎత్తుకు ఎక్కడం.

బండిలో కూర్చుని వాడేటప్పుడు ఇంకో చిక్కు. చుట్టూ ఇనుము. లైసెన్సు అక్కర్లేని ఈ సెట్లకు ఏంటెన్నా విప్పడానికి రాదు, కాబట్టి పైకప్పు మీద విడిగా ఏంటెన్నా పెట్టుకునే అవకాశం లేదు. సెట్‌ను గేరు పక్కన కప్ హోల్డర్‌లో పడేసి ‘రేంజ్ రావట్లేదు’ అనేవాళ్లే ఎక్కువ. ముందు అద్దం దగ్గరో, కిటికీ పక్కనో నిటారుగా పట్టుకుని మాట్లాడండి. లోహపు పూత ఉన్న సన్ ఫిల్మ్ ఉంటే ఆ అద్దం కాస్త దించండి. నడుముకు తగిలించుకున్నా అంతే, సగం సిగ్నల్ మీ ఒంట్లోకే పోతుంది.

కొన్నాక ముందుగా చేయాల్సిన పని అన్ని సెట్లనూ ఒకే టేబుల్ మీద పెట్టి ఒకే ఛానెల్‌కు, ఒకే కోడ్‌కు తేవడం. ఈ కోడ్ దగ్గరే జనం బోల్తా పడతారు. మెనూలో దాన్ని ప్రైవసీ కోడ్ అంటారు కానీ ప్రైవసీ ఏమీ లేదు. మీ గొంతుతో పాటు చెవికి తెలియని ఒక సన్నటి టోన్ పోతుంది, అదే టోన్ పెట్టుకున్న సెట్లు మాత్రమే స్పీకర్ తెరుస్తాయి. కోడ్ పెట్టనివాడు మీ మాటలన్నీ వింటాడు. మీ గ్రూపులోనే ఒకడి సెట్‌లో కోడ్ తేడాగా ఉంటే, ఎవరు మాట్లాడినా వాడి సెట్ మీద లైటు వెలుగుతుంది కానీ మాట రాదు. లైటు వెలిగి శబ్దం లేదంటే సెట్ పాడైందనుకోకండి, కోడ్ చూడండి. వేర్వేరు కంపెనీల సెట్లు కలిపితే ఇంకో తలనొప్పి: ఒకదాంట్లో 12వ కోడ్ అన్నది ఇంకోదాంట్లో అదే టోన్ కాకపోవచ్చు. అందుకే ఆరు బండ్లూ ఒకే మోడల్ కొనడం ఉత్తమం. లేదంటే కోడ్ సున్నా పెట్టేసి పక్క గ్రూపు కబుర్లు కూడా వింటూ పోవడమే. ఒక రిజర్వ్ ఛానెల్ కూడా ముందే అనుకోండి, సీజన్‌లో మారేడుమిల్లిలో మీరొక్కరే ఉండరు.

బండ్లకు మనుషుల పేర్లు పెట్టకండి, అంకెలు పెట్టండి. ముందు బండి ఒకటి, చివరి బండి ఆరు. వరస మారితే అంకెలూ మారతాయి, అంకె అంటే స్థానం. దారి తెలిసినవాడు ఒకటిలో ఉంటాడు. ఆరులో ఎవరుండాలన్నది అంతకన్నా ముఖ్యం. టూల్ కిట్టు, పంక్చర్ కిట్టు, తాళ్లు, ఓపిక ఉన్నవాడు ఉండాలి. సెట్ డ్రైవర్ చేతిలో ఉండకూడదు, పక్క సీటువాళ్ల పని అది.

మాట్లాడే పద్ధతి చాలా సులువు. ‘నాలుగు నుంచి ఒకటికి’ అని పిలవండి, ‘ఒకటి, చెప్పండి’ అన్నాక విషయం చెప్పండి, అయిపోయాక ‘ఓవర్’ అనండి. సినిమాలో లాగా ఉందని మొదట నవ్వుతారు, మొదటి ఘాట్ దాటేసరికి అలవాటైపోతుంది. బటన్ నొక్కిన వెంటనే మాట మొదలుపెట్టకూడదు. నొక్కి, ఒక క్షణం ఆగి, అప్పుడు మాట్లాడాలి. మాట పూర్తయ్యాకే వదలాలి. సెట్ నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కాస్త పక్కకు వంచి ఉంటే గాలి ఊదిన శబ్దం రాదు. వాక్స్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, బటన్ నొక్కకుండానే గొంతు విని దానంతటదే ఆన్ అవుతుంది. డీజిల్ బండిలో అది ఇంజన్ గొంతు కూడా విని ఛానెల్‌ను కబ్జా చేస్తుంది. ఆపేయండి. ఒకరు నొక్కి ఉండగా ఇంకొకరు నొక్కితే ఇద్దరిదీ పోతుంది, లేదా గట్టిగా అందినవాడిది మాత్రమే వినపడుతుంది. రెండోవాడికి తన మాట పోలేదనే సంగతి కూడా తెలియదు.

మన భాషతో ఒక ఇబ్బంది ఉంది, తెలుసుకుని ఉండండి. మనం కాదు అనే అర్థాన్ని మాట చివర పెడతాం. ‘ఆపకండి, వచ్చేయండి’ అని మీరంటే అవతలివాడికి ‘ఆప...’ అని వినపడి సిగ్నల్ తెగిందనుకోండి, వాడు వాగు మధ్యలో బ్రేకు వేస్తాడు. అందుకే రేడియోలో వద్దు, కాదు అనే మాటలు మానేసి చేయాల్సింది మాత్రమే చెప్పండి: ‘వస్తూ ఉండండి’, ‘అక్కడే ఉండండి’. ‘రైట్’ కూడా వాడకండి. ఆర్టీసీ కండక్టర్ల పుణ్యమా అని మనకు అది పొమ్మనడం, ఒప్పుకోవడం, కుడివైపు మూడూ అవుతుంది. కుడి, ఎడమ అంటే గొడవ లేదు.

ఒకటో బండి ఏం చెప్పాలి? రోడ్డులో మార్పు వచ్చినప్పుడల్లా చెప్పాలి. ‘బస్సు వస్తోంది, మలుపుకు ముందే ఎడమకు తీసి ఆగండి.’ ‘వంద మీటర్లలో కల్వర్టు విరిగింది, కుడి అంచు పట్టండి.’ దీనికి ఆరుగురూ ‘ఓకే ఓకే’ అనకూడదు. ఆరు ఒక్కటే ‘ఆరు విన్నది’ అంటే చాలు. చివరి బండికి వినపడిందంటే మధ్యవాళ్లకూ వినపడి ఉంటుందన్నది లెక్క. ఆరు నుంచి జవాబు రాకపోతే మూడో, నాలుగో అందుకుని అదే మాట వెనక్కి చెప్పాలి. ఈ రిలే అలవాటైతే అర వాట్‌తోనే ఘాట్ మొత్తం కవర్ అవుతుంది. నాలుగు ద్వారా కూడా ఆరు పలకలేదంటే ఒకటి ఆగిపోవాలి, అందరూ ఆగాలి. ఇక అసలు సూత్రం రేడియోకు సంబంధించిందే కాదు: ప్రతి డ్రైవరూ తన వెనక బండిని అద్దంలో చూసుకుంటూ పోవాలి, దారి చీలిన చోట వెనక బండి కనపడేదాకా కదలకూడదు. ఇది పాటించే గ్రూపుకు సగం రేడియో మాటలు అవసరమే రావు.

గుడిస దారిలో బండి గుంతల మధ్య ఇరుక్కున్నప్పుడు చూడాలి తమాషా. ఐదుగురు కిందకు దిగుతారు, ఐదుగురూ సలహాలిస్తారు, డ్రైవర్ చేతిలో సెట్ కూడా అరుస్తూ ఉంటుంది. అప్పుడు ఛానెల్ ఒక్కరిది కావాలి. బండి ముందు డ్రైవర్‌కు కనపడేలా నిలబడి దారి చూపించే ఆ ఒక్కరి మాటే మాట. వీలైనంత వరకు చేతి సైగలే వాడాలి. చక్రం అతని చూపుకు అందనప్పుడు, లేదా వెనకవైపు చూసే మనిషి ఇంకొకరు కావాల్సినప్పుడు మాత్రమే రేడియో. దారి చూపించే మనిషి డ్రైవర్‌కు ఎదురుగా నిలబడతాడు కాబట్టి అతని ఎడమ డ్రైవర్‌కు కుడి. అక్కడ కుడి, ఎడమ కూడా మానేసి ‘డ్రైవర్ వైపు’, ‘క్లీనర్ వైపు’ అనండి. లారీవాళ్ల మాటే ఇది, పొరపాటుకు చోటివ్వదు. ‘డ్రైవర్ వైపు కొంచెం తిప్పండి, మెల్లగా, ఇంకో అడుగు, స్టాప్.’ ఒక్క స్టాప్ అనే మాట మాత్రం ఎవరైనా, ఎప్పుడైనా అనొచ్చు, అది వినపడగానే కాలు బ్రేకు మీద పడాలి. ఎవరన్నారు, ఎందుకన్నారు అని తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

వించ్ (బండికి బిగించిన, తాడు చుట్టుకుంటూ లాగే యంత్రం) వాడేటప్పుడూ, తాడుతో లాగేటప్పుడూ రేడియోకు ఇంకో ఉపయోగం ఉంది. తాడు మీద బలం పడుతుందని ముందే చెప్పి పిల్లల్నీ వీడియో తీసేవాళ్లనీ దూరం పంపొచ్చు. తాడు తెగితే ఎంత పొడవుందో అంత దూరం కొరడాలా వస్తుంది, కాబట్టి దానికి ఒకటిన్నర రెట్లు దూరంలో నిలబడాలి. లాగే బండి, ఇరుక్కున్న బండి ఇద్దరూ ‘సిద్ధం’ అన్నాకే మొదలుపెట్టండి.

వాగు దాటేటప్పుడు లోతు చూడటానికి దిగే మనిషి చేతికి సెట్ ఇచ్చే ముందు దాని ఐపీ రేటింగ్, అంటే నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె చూడండి. ఐపీఎక్స్4 అంటే చినుకులకు ఆగుతుంది, నీళ్లలో పడితే అంతే. ఐపీ67 అయితే మీటరు లోతులో అరగంట మునిగినా తట్టుకుంటుంది. ధరలో తేడా ఉంటుంది కానీ కనీసం రెండు సెట్లు అలాంటివి ఉంటే మంచిది.

క్యాంపులో రేడియో తీరు మారుతుంది. గుడిస మీద టెంట్లు అటవీ శాఖను అడగకుండా వేయకండి, అది ముందు చెప్పాలి. ఎక్కడ వేసినా క్యాంపులో ఒక సెట్ ఆన్‌లో ఉండాలి, నీళ్లకో ఫొటోలకో బయటికి వెళ్లే ప్రతి జట్టు దగ్గర ఒకటి ఉండాలి. నడిచి వెళ్లినవాళ్లు రోజంతా ఆన్‌లో పెట్టక్కర్లేదు. ప్రతి గంటకూ మొదటి ఐదు నిమిషాలు ఆన్ చేసి వినాలని అనుకుంటే బ్యాటరీ మూడు రోజులైనా వస్తుంది. దారి తప్పినవాడికీ అదే నియమం: ఉన్నచోట ఆగి, గంట కొట్టే సమయానికి ఎత్తైన చోటు నుంచి పిలవడం. పిల్లల చేతికిస్తే ముందుగా కాల్ టోన్ బటన్ లాక్ చేయండి. చేయకపోతే ఏమవుతుందో మొదటి పది నిమిషాల్లో మీకే తెలుస్తుంది. రాత్రి వాల్యూమ్ తగ్గించండి, అడవిలో ఆ గరగర చాలా దూరం వినపడుతుంది.

ఛార్జింగ్‌కు యూఎస్‌బీతో ఎక్కే సెట్లే తీసుకోండి, బండిలోనే అయిపోతుంది. ఆరు బండ్లకు ఎనిమిది సెట్లు కొనండి: ఒకటి దారి చూపించేవాడికి, ఒకటి స్పేర్.

ఫోన్‌లో వాకీటాకీ యాప్‌లు చాలావరకు ఇంటర్నెట్ మీదే నడుస్తాయి, సిగ్నల్ లేని చోట వాటితో పనిలేదు. బైకుల గ్రూపు అయితే హెల్మెట్‌కు తగిలించుకుని ఒకరితో ఒకరు మాట్లాడుకునే మెష్ ఇంటర్‌కామ్ బాగుంటుంది, కార్లకు అనవసరం. టెక్నికల్ సరదా ఉన్నవాళ్లు 865 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మెష్‌టాస్టిక్ అనే చిన్న రేడియో పరికరాల వ్యవస్థ పెట్టుకోవచ్చు, అక్షరాల సందేశాలు, లొకేషన్ పోతాయి, గొంతు పోదు.

ఒక్క విషయం ఇంట్లోవాళ్లకు కూడా చెప్పండి. ఈ సెట్లు మీలో మీకే వినపడతాయి. 446లో పిలిస్తే 108 అంబులెన్స్ రాదు, ఆ మాట వినే పోలీసూ ఉండడు. కాబట్టి వెళ్లేటప్పుడే ఫోన్ సిగ్నల్ చివరిసారి ఎక్కడ పోయిందో, ఎక్కడ తిరిగొచ్చిందో ఓడోమీటర్ రీడింగుతో రాసుకోండి. గ్రూపులో ఒకరి దగ్గరైనా బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్ ఉంచండి. ఎవరికైనా దెబ్బ తగిలితే రెండు బండ్లు కలిసి ఆ సిగ్నల్ చోటుకు పోవాలి, ఒంటరిగా ఒక బండి పోకూడదు. ‘దీనికంటే శాటిలైట్ ఫోన్ తీసుకెళ్తే పోలా’ అని ఎవరో ఒకరు అంటారు. తురాయా, ఇరిడియం ఫోన్లూ, ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసెంజర్లూ మన దేశంలో అనుమతి లేకుండా దగ్గర ఉంచుకుంటే అరెస్టు దాకా పోతుంది. విమానాశ్రయాల్లోనే విదేశీయులు పట్టుబడిన కేసులున్నాయి.

చివరిగా చెక్‌పోస్టు. మీరు వెళ్తున్నది ఏజెన్సీ ప్రాంతం, వాకీటాకీలు కనపడితే పోలీసులు అడుగుతారు, అడగడం వాళ్ల పని. బిల్లు, ఈటీఏ కాపీ ప్రింటు తీసి ప్రతి బండిలో పెట్టండి, ఫోన్‌లో పీడీఎఫ్ ఉంది అంటే ఆ టైముకు చార్జ్ ఉండదు. అడగక ముందే ‘మా దగ్గర లైసెన్సు లేని సెట్లున్నాయి’ అనకండి, వినడానికి బాగోదు. ‘లైసెన్సు అక్కర్లేని 446 సెట్లు, బండ్ల మధ్య మాట్లాడుకోవడానికి’ అని చెప్పి కాగితం చూపించండి. సెట్ నడుముకు తగిలించుకుని గూడేల్లో తిరగకండి. మిమ్మల్ని చూసి ఏ శాఖవాళ్లో అనుకుని జనం బెదురుతారు, అది మీకూ మంచిది కాదు.